ముప్ఫై సెకన్ల నానీ

ఫోను మోగింది. బస్సంతా నా వైపు తిరిగింది.

నల్గొండ నుంచి హైదరాబాదు వస్తున్న ఆర్టీసీ బస్సు. చౌటుప్పల్ దాటింది. అప్పటికే ఆ బస్సులో ఓ పది ఫోన్లు మోగి ఉంటాయి. నా ముందు సీటాయన జేబులో సుప్రభాతం. కండక్టర్ దగ్గర అయ్యప్ప పాట. వెనక సీటు పిలగాడిది ఏదో కొత్త సినిమా పాట, పల్లవి అయిపోయేదాకా వాడు ఎత్తనే లేదు. ఎవరూ తల తిప్పలేదు. నేనూ తిప్పలేదు. ఇంజను చప్పుడు ఎట్లాగో అవీ అట్లాగే. నా జేబులోంచి ఒక ముసలి గొంతు 'బిస్మిల్లా' అనేసరికి మాత్రం నాలుగు వరసల తలలు ఒక్కసారి తిరిగాయి. వాళ్ళ ముఖాల్లో కోపం లేదు. ద్వేషమూ లేదు. 'ఓహో, ఇతను వాళ్ళా' అన్న చూపు, అంతే. అంతవరకు నేను గళ్ళ చొక్కా తొడుక్కున్న ఒక ప్రయాణికుణ్ణి. రెండు సెకన్లలో ముసల్మాన్నయ్యాను.

పక్కన కూచున్న కాలేజీ పిల్లవాడు మర్యాదగానే అడిగాడు. "అంకుల్, ఇది పాకిస్తాన్ పాటా?"

"కాదు తమ్మీ, హుజూర్‌నగర్ పాట."

అతను నవ్వాడు. నేను జోక్ చేశాననుకున్నాడు.

ఆ గొంతు మా నానీది. అమ్మీ వాళ్ళ అమ్మ. హుజూర్‌నగర్ అవతల ఒక పల్లె ఆమెది. ప్రతి ఏడూ జాన్‌పహాడ్ సైదులు ఉర్సుకి పోయేది. హైదరాబాదు రెండేసార్లు చూసింది, రెండుసార్లూ దవాఖానా కోసమే. 2001లో పోయింది. ఆమె చేత్తో ఏనాడూ ఫోను ముట్టలేదు. అలాంటి మనిషిని కొన్నాళ్ళు నేను నా ఫోన్లో మోగించాను. ఎట్లా మోగించానో, మోగించినందుకు ఎవరెవరు ఏమన్నారో చెప్పాలి.

ఫోన్లకి మతం లేని కాలం ఒకటుండేది. నవ్వకండి, నిజంగానే ఉండేది.

2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక నేనొక సెకండ్‌హ్యాండ్ నోకియా 3310 కొన్నాను. ఒకసారికి ఒక్క స్వరం పలకడమే ఆ ఫోనుకి తెలుసు. మాట రాదు, గొంతు రాదు. ఉత్త కీచు. కానీ అందులో కంపోజర్ అని ఒకటుండేది. 1 నుంచి 7 దాకా మీటలు ఏడు స్వరాలు. 8 నొక్కితే స్వరం పొట్టిదవుతుంది, 9 నొక్కితే సాగుతుంది, సున్నా అంటే విరామం. స్టార్ నొక్కితే స్థాయి మారుతుంది, హాష్ నొక్కితే స్వరం అర మెట్టు ఎక్కుతుంది. అప్పుడు నేను పనిచేసే డెస్కులో కొంచెం సంగీతం వచ్చిన మిత్రుడొకడుండేవాడు. సరిగమలు మీటల మీద ఎక్కడున్నాయో అతనే చూపించాడు. నాకు సంగీతం రాదు. చెవిలో ఉన్నదాన్ని వేలితో వెతుక్కోవడమే. నైట్ డ్యూటీలో ఆఖరి పేజీ పోయాక, ఒంటిగంట వేళ, మూడు రాత్రులు కూచుని నానీ ఇసుర్రాయి పాట వరసని నొక్కాను. ఎక్కడ స్వరం ఎక్కాలో తెలియక ఒక్క మలుపు దగ్గరే ఒక రాత్రంతా పోయింది.

మర్నాడు అది డెస్కులో మోగింది. ఆ మిత్రుడే తలెత్తి, "అరె, ఇది మా బతుకమ్మ పాటల్లో వరస! మా అమ్మ పాడుద్ది" అన్నాడు. ఇంకొకాయన కాదు, ఇది జాజిరి పాట అన్నాడు. ఎవరికి వాళ్ళు తమ ఇంటి పాటే అనుకున్నారు. నేను ఔననలేదు, కాదనలేదు. మాటల్లేవు కదా, అది ఎవరిదైనా కావచ్చు. నోకియా వాళ్ళ సొంత ట్యూను కూడా అంతే. స్పెయిన్ గిటారు విద్వాంసుడు ఫ్రాన్సిస్కో తారెగా 1902 నాటి 'గ్రాన్ వాల్స్'లో ముక్క అది. దేశమంతా మోగింది. అది క్రైస్తవుల పాటా అని ఎవరూ ఎవర్నీ అడగలేదు.

తర్వాత ఎంపీత్రీ ఫోన్లొచ్చాయి. ఫోన్లకి మాటలొచ్చాయి. మాటల్తో పాటే మనిషెవరో తెలిసిపోవడమూ వచ్చింది. జగదీశ్ మార్కెట్లో మెమరీ కార్డు ఇస్తే కావలసిన పాటలన్నీ ఎక్కించి ఇచ్చేవాళ్ళు. వాళ్ళ కంప్యూటర్లో పాటలు అరలు అరలుగా ఉండేవి. తెలుగు, హిందీ, భక్తి, నాత్, ఖవ్వాలీ. నా పేరు విన్న కుర్రాడు నేనేమీ అడక్కముందే నాత్‌ల అర తెరిచాడు. పాపం, వాడూ మావాడే. నాకు కావలసింది ఆ అరల్లో ఎందులోనూ లేదు. 'భక్తి' అరలో నాత్ ఎందుకు లేదో కూడా వాణ్ణి అడగాలనిపించింది. అడగలేదు. వెనక చాలామంది నిలబడి ఉన్నారు.

ఇంతలో 2007 మే 18 వచ్చింది. శుక్రవారం. మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకొచ్చినవాళ్ళు చచ్చిపోయారు. ఆ తర్వాత బయట పోలీసు కాల్పుల్లో ఇంకొందరు చచ్చిపోయారు. సెల్‌ఫోన్‌తో పేల్చిన బాంబు అని వార్తలొచ్చాయి. ఆ వార్తల్లో కొన్నింటికి శీర్షికలు పెట్టినవాణ్ణి నేనే. మసీదులో చచ్చిందీ మేమే, తర్వాత పోలీసులు పట్టుకుపోయిందీ మా పిల్లల్నే. ఏళ్ళ తర్వాత కోర్టులు వాళ్ళని నిర్దోషులన్నాయి. ఆ మాటకి శీర్షిక లోపలి పేజీలో, చిన్న అక్షరాల్లో వచ్చింది.

ఆ నెలల్లో ఫోనంటేనే భయం. మా ఆవిడ తమ్ముడు నాత్ తీసేసి చిరంజీవి పాట పెట్టుకున్నాడు. వాడికి చిరంజీవి అంటే చిన్నప్పట్నుంచీ ప్రాణమే. కానీ ఇష్టంతో పెట్టుకోవడం వేరు, ఇది వేరు. నేను ఇంకా తెలివైనవాణ్ణి. ఫోను వైబ్రేషన్‌లో పెట్టాను. పన్నెండేళ్ళు నా ఫోను జేబులో గొణిగిందే తప్ప బయటికి నోరెత్తలేదు. మీటింగుల్లో మిత్రులు మెచ్చుకునేవాళ్ళు, 'నీకు సభా మర్యాద తెలుసు' అని.

2019లో అబ్బా పోయారు. ఇల్లు సర్దుతుంటే ఇనప్పెట్టెలో ఆయన క్యాసెట్లు దొరికాయి. నలభై దాకా ఉన్నాయి. ఘంటసాల, హబీబ్ పెయింటర్, అజీజ్ నాజాన్, రేడియో ముందు టేపురికార్డరు పెట్టి ఎక్కించుకున్న విఠల్‌రావు గజళ్ళు. అబ్బాకి ఒక అలవాటు. ఘంటసాల క్యాసెట్ల మీద పేర్లు ఉర్దూలో రాసేవారు. ఖవ్వాలీల మీద తెలుగులో రాసేవారు. ఎందుకని చిన్నప్పుడు అడిగితే, 'రెండు చేతులకీ పని ఉండాలి బేటా' అనేవారు. ఇప్పుడు మా పిల్లలు ఉర్దూ చదవలేరు. ఘంటసాల క్యాసెట్ ఏదో వాళ్ళు కనుక్కోలేరు. ఖవ్వాలీలైతే చక్కగా చదివేస్తారు.

అట్టడుగున ఒక అరవై నిమిషాల క్యాసెట్. దానిమీద మామూ రాత: 'అమ్మా'.

1990లో మామూ సౌదీ నుంచి వస్తూ టూ ఇన్ వన్ తెచ్చారు. ఊరంతా చూడ్డానికొచ్చింది. నానీ వసారాలో కూచుని కందులు విసురుతోంది. ఎదురుగా కుమ్మరోళ్ళ అవ్వ. ఇద్దరూ ఒకే పిడి పట్టుకుని తిప్పుతున్నారు. మామూ చప్పుడు చేయకుండా పక్కన పెట్టి మీట నొక్కారు. నాకు పదేళ్ళు దాటాయి, గుమ్మంలో నిలబడి చూశాను. నానీ పాడేది ఇసుర్రాయి పాటలు. చక్కీనామా అంటారు. దక్కనీలో ఇవి ఎంత పాతవో నాకు తర్వాతెప్పుడో, రిచర్డ్ ఈటన్ బీజాపూరు సూఫీల మీద 1978లో వేసిన పుస్తకం చూసినప్పుడు తెలిసింది. అల్లా పేరు, నబీ పేరు, పీరు పేరు ఇసుర్రాయి తిప్పుడులో కలిపి ఆడవాళ్ళు పాడుకునేవాళ్ళనీ, ఇసుర్రాయి పిడిని అలిఫ్ అక్షరంతో పోల్చేవాళ్ళనీ ఆయన రాశాడు. అలిఫ్ నిలువు గీత. పిడీ నిలువుగానే ఉంటుంది. మా నానీకి ఏ లిపీ రాదు. కానీ పిడి పట్టుకునే ముందు దాన్ని ఒకసారి కళ్ళకద్దుకునేది. కుమ్మరోళ్ళ అవ్వ కూడా అద్దుకునేది. ఆమె ఎందుకద్దుకునేదో ఎవరూ అడగలేదు.

నానీ దక్కనీలో నడిచేది, ఉన్నట్టుండి సైదులు దగ్గరికొచ్చేసరికి తెలుగులోకి దిగేది. అక్కడ అవ్వ గొంతు కలిసేది. జాన్‌పహాడ్ సైదులుకి మొక్కేది ఎక్కువగా హిందువులే. కందూరు చేసేదీ వాళ్ళే. ఆ పాటలు తెలుగులోనే ఉంటాయి. ఇట్లాంటి మాటలు మేం చెబితే మీరు 'ఆహా, ఎంత మతసామరస్యం' అంటారు. ఆ ఇద్దరాడవాళ్ళకి ఆ మాట తెలియదు. కందులు ఎక్కువున్నాయి, ఒక్కరి చేత కాదు. అందుకని ఇద్దరు కూచున్నారు.

టేపురికార్డరు లేదు మా ఇంట్లో. పాతదొకటి బాగు చేయించి క్యాసెట్ పెట్టాను. నానీ 'బిస్మిల్లా' అంది. రెండు చరణాలు పాడింది. టక్‌మని చప్పుడు. ఆ తర్వాత మగగొంతు. ఎవరో మౌలానా సాహెబ్ బయాన్. సమాధుల దగ్గర మొక్కడం ఎంత పాపమో చెబుతున్నారు. ఇరవై నిమిషాలకి పైగా చెప్పారు. మళ్ళీ టక్. ఒక మాట మధ్యలోంచి నానీ బయటికొచ్చింది, ఏమీ జరగనట్టు పాడుకుంటూ.

క్యాసెట్ తీసి చూశాను. వెనక అంచున రెండు చిన్న రేకులుంటాయి. వాటిని విరిచేస్తే ఆ క్యాసెట్ మీద మళ్ళీ రికార్డు చేయడం కుదరదు. మామూ విరిచారు. కానీ ఆ గంట మీద తెల్లటి ప్లాస్టర్ పట్టీ అంటించి ఉంది. దవాఖానాలో దెబ్బకి వేసే పట్టీ. పసుపుపచ్చగా మారిపోయింది. అంటే పొరపాటున కాదు, తెలిసే చేశారు. చేసింది మా భాయీజాన్. ఆయన 1996లో జమాత్‌లో పోయి వచ్చారు. ఇంట్లో టేపులో సినిమా పాటలు, ఖవ్వాలీలు ఆగిపోయిన ఏడు అది.

అరగంటలో మిగిలింది ఏడెనిమిది నిమిషాలు.

కంప్యూటర్లోకి ఎక్కించడం పెద్ద విద్యేం కాదు. టేపురికార్డరు ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటరు లైన్ ఇన్‌కి ఒక తీగ. ఆడాసిటీ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరు. క్యాసెట్ ఎంతసేపు తిరిగితే అంతసేపూ కూచోవాలి, తొందరపెట్టడానికి లేదు. తెర మీద గొంతు నీలం రంగు అలలాగా వస్తుంది. నానీ ఊపిరి పీల్చే చోట అల సన్నబడుతుంది. రాయి తిరిగే చోట దట్టమవుతుంది. నేనాడు ఇరవై ఏళ్ళ తర్వాత నానీ ఊపిరిని కళ్ళతో చూశాను.

బుస ఎక్కువుంది. పాత క్యాసెట్లన్నింటికీ ఉండేదే. దాన్ని తీయడానికి ఒక పద్ధతుంది. గొంతు లేని చోట ఒక ముక్క చూపించి, 'ఇదీ చప్పుడు' అని సాఫ్ట్‌వేరుకి నేర్పాలి. తర్వాత మొత్తం పాటలో అట్లాంటిది ఎక్కడున్నా అదే తీసేస్తుంది. నేను రెండు చరణాల మధ్య ఖాళీ చూపించాను. విని అదిరిపోయాను. ఇసుర్రాయి పోయింది. నేను చూపించిన ఖాళీ ఖాళీ కాదు, అక్కడ రాయి తిరుగుతూనే ఉంది. సాఫ్ట్‌వేరు రాయిని చెత్త అనుకుని ఊడ్చేసింది. నానీ బావిలో మునిగి పాడుతున్నట్టుంది. వెంటనే వెనక్కి తిప్పుకున్నాను. చివరికి క్యాసెట్ మొదట్లో, మామూ మీట నొక్కకముందు తిరిగిన ఖాళీ టేపు ముక్క పనికొచ్చింది. అయినా బుసని సగమే తీశాను. మొత్తం తీస్తే వసారా పోతుంది.

ఇక కోయాలి. రింగ్‌టోన్ అంటే ముప్ఫై సెకన్లు. ఎదుటివాడు విసిగి పెట్టేసేది ఇంచుమించు అప్పుడే. ఏడెనిమిది నిమిషాల నానీలో ఏ ముప్ఫై సెకన్లు? మొదట్లో గొంతు మెల్లగా పెరిగేట్టు, చివర మెల్లగా తగ్గేట్టు చేసి, ఎంపీత్రీగా తీసి ఫోన్లో రింగ్‌టోన్స్ అన్న ఫోల్డర్లో వేస్తే చాలు, సెట్టింగుల్లో కనిపిస్తుంది. ఇదంతా పది నిమిషాల పని. ఎక్కడ కోయాలన్నది తేలడానికి నాకు ఏడాది పట్టింది.

మొదటి ముక్క, పాట ఎట్లా మొదలైందో అట్లాగే, బిస్మిల్లాతో. వైబ్రేషన్ తీసేశాను. పన్నెండేళ్ళ తర్వాత నా ఫోను నోరు తెరిచింది. బస్సు సంగతి మీకు చెప్పాను. బస్సులో వాళ్ళని పెద్దగా పట్టించుకోలేదు గానీ, మా మసీదు ఇమాం సాహెబ్ చెప్పిన మాట కాదనలేకపోయాను. "మియా, ఫోను ఎక్కడ మోగుతుందో నీ చేతిలో లేదు. మరుగుదొడ్లో ఉండగా మోగితే? బిస్మిల్లా సగంలో ఉండగా నువ్వు ఎత్తితే?" ఖురాన్ ఆయతుల్ని, అజాన్‌ని రింగ్‌టోన్లుగా పెట్టుకోవద్దని ఉలెమాలు చాలా చోట్ల చెప్పిందీ ఇందుకే. సబబే. తీసేశాను.

రెండో ముక్క పీరు పేరున్న చరణం. ఈద్ రోజు భాయీజాన్ ఇంట్లో మోగింది. గది నిశ్శబ్దమైపోయింది. షీర్ ఖుర్మా గిన్నె కింద పెట్టి భాయీజాన్ లేచి బయటికెళ్ళారు. వెనకే నేనూ వెళ్ళాను. కోపంగానే వెళ్ళాను, ప్లాస్టర్ పట్టీ సంగతి అడగాలని. అడిగాను. ఆయన దాచలేదు.

"నేనే అంటించాను. నువ్వు ఆమెని గుర్తు చేసుకోవాలని మోగిస్తున్నావు. నేను రేపు అల్లా ముందు ఆమెకి ఆ మాటల లెక్క లేకుండా పోవాలని చెరిపాను. ఆమె కోసం రోజూ దువా చేస్తాను. నువ్వు చేస్తున్నావా?"

చేయడం లేదు. ఆ మాట ఆయనకి చెప్పలేకపోయాను. నానీ ఆఖరి మూడు నెలలు మంచాన పడితే ఒళ్ళు తుడిచింది, ఎత్తి కూచోబెట్టింది భాయీజానే. నేనప్పుడు హైదరాబాదులో డిగ్రీ అయిపోయి ఉద్యోగం వేటలో ఉన్నాను. 1998లో వచ్చిన 'జల్‌జలా' కవితల్ని నోటికి చెబుతూ, ముస్లిం అస్తిత్వం గురించి మిత్రులతో టీ కొట్టు దగ్గర గంటలు గంటలు వాదిస్తున్నాను. జమాత్‌వాళ్ళు మా పాటల్ని చంపేశారని రాయడం నాకు తేలిక. రాశాను కూడా. ఆ వ్యాసంలో భాయీజాన్ నానీ ఒళ్ళు తుడిచిన సంగతి లేదు.

మూడో ముక్క, సైదులు పాట. తెలుగు. అవ్వ గొంతు కూడా ఉంది. ఇదైతే ఎవరికీ బాధ లేదనుకున్నాను. మా ఆవిడ పాతబస్తీ మనిషి. వాళ్ళ చిన్నమ్మ కూతురి పెళ్ళిలో, ఫంక్షన్ హాలులో, బిర్యానీ దస్తర్‌ఖాన్ దగ్గర మోగింది. నవ్వులే నవ్వులు. "దూల్హే భాయ్, యే తెలుగు గానా కైకు?" అని ఒకడు. "గావ్‌వాలే హై నా" అని ఇంకొకడు. బస్సులో ముసల్మాన్నైన మనిషి ఇక్కడ తెలుగోడయ్యాడు. మా ఉర్దూని వాళ్ళు ఉర్దూ అనరు. 'నక్కో', 'హౌ' వాళ్ళూ అంటారు, కానీ మేం అంటే అది పల్లెటూరి వాసన. తిరిగొస్తుంటే ఆటోలో మా ఆవిడ అంది, "మార్చెయ్యరాదూ, నాకోసం." మార్చేశాను.

నాలుగో ముక్కలో మాటల్లేవు. రెండు చరణాల మధ్య నానీ కూనిరాగం, పిడి కిర్రుమనే చప్పుడు. కంప్యూటర్లో అద్భుతంగా ఉంది. ఫోన్లో రాయి గురగుర వినపడలేదు. ఫోను స్పీకరు వేలిగోరంత, అంత లోతు చప్పుడు దాంట్లోంచి రాదు. కిర్రుమనడాన్ని కొంచెం పెంచి సరిపెట్టుకున్నాను. ఈ ముక్క మా అభ్యుదయ మిత్రులకి విపరీతంగా నచ్చింది. ఒక సభలో మోగితే వేదిక మీదున్న పెద్దాయన కిందికి దిగొచ్చి మరీ అడిగారు. శ్రామిక స్త్రీ స్వరం అన్నారు. "ఎంత సెక్యులర్‌గా ఉందో చూడవయ్యా, నాకూ పంపు" అన్నారు.

పంపుతూ పంపుతూ ఆగిపోయాను. మొదట అల్లా పోయాడు. తర్వాత పీరు పోయాడు. తర్వాత సైదులు, అతనితో పాటు కుమ్మరోళ్ళ అవ్వ. ఉర్దూ పోయింది, తెలుగు పోయింది. అన్నీ పోయాక మిగిలిన మూలుగు అందరికీ నచ్చింది. భాయీజాన్ ఒకేసారి చెరిపారు. నేను కత్తెరతో, మర్యాదగా, నాలుగు విడతల్లో అదే పని చేశాను. ఆయనకి తన పని ఏమిటో తెలుసు.

పెద్దాయనకి బిస్మిల్లా ఉన్న మొదటి ముక్క పంపాను. 'బాగుంది' అని రాశారు. ఆయన ఫోన్లో అది నేనెప్పుడూ వినలేదు.

ఇదంతా అమ్మీకి తెలియకుండా జరుగుతోంది. మొన్న ఆమె నా దగ్గరికొచ్చింది. మూడో ముక్క మళ్ళీ పెట్టుకున్నాను అప్పటికి. కూరగాయల బండి దగ్గర నిలబడి ఉండగా మోగింది. బండివాడు, పక్కన ఇద్దరు మగవాళ్ళు. అమ్మీ చేతిలో వంకాయ పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. సంతోషంతోనే అనుకున్నాను. ఇంటికొచ్చాక నోరు విప్పింది.

"మా అమ్మ ఎప్పుడన్నా బజార్ల నిలబడి పాడిందారా?"

నేను మాట్లాడలేదు.

"ఇంట్ల, ఆడోళ్ళ మధ్య పాడింది. గుమ్మం దగ్గర మగోడి చెప్పుల చప్పుడైతే ఆపేసేది. మీ అబ్బా ఆమె పాట మా పెళ్ళైన ఐదేళ్ళకి విన్నరు, అదీ గోడ అవతల నుంచి. గొంతుకి కూడా పర్దా ఉంటదని ఆమె అనుకుంది. తప్పో ఒప్పో, ఆమె ఇష్టం. నువ్వు ఆమెని ఎవర్నడిగి బజారుకి తీసుకపోయినవ్?"

పర్దా మీద నేను రాసిన వ్యాసాలున్నాయి. వాటిలో మంచి వాదనలే ఉన్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు. మామూ మీట నొక్కుతుంటే గుమ్మంలో నిలబడి చూసినవాణ్ణి నేనే. పాట అయ్యాక మీట సంగతి తెలిసి నానీ "బంద్ కర్ రే!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడమూ చూశాను. ఆ మాట కూడా క్యాసెట్ చివర ఉంది. నవ్వుతూనే అంది. కానీ అంది.

తీసేశాను. ఇప్పుడు బయట నా ఫోను మళ్ళీ జేబులో గొణుగుతోంది. ఇంతకుముందు భయంతో గొణిగింది. ఇప్పటిది భయమా అంటే, నూటికి నూరుపాళ్ళూ కాదనలేను.

అమ్మీ ఊరికి పోయే ముందు రోజు రాత్రి తన ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. బటన్ల ఫోను. మెమరీ కార్డు పడుతుంది.

"ఇందుల పెట్టు. నేను బయటికి తీసుకపోను. నువ్వు చేసినప్పుడే మోగాలె."

"ఏ ముక్క పెట్టను అమ్మీ?"

"ముక్కేంది? కొయ్యకు. అంతా పెట్టు."

మౌలానా గారి బయాన్ మాత్రం తీసి, మిగిలిన నానీని మొత్తం పెట్టాను. ఏడెనిమిది నిమిషాలు ఏ ఫోనూ మోగదని, ప్రతిసారీ బిస్మిల్లా దగ్గర మొదలై కాసేపటికే ఆగిపోతుందని చెప్పాను. తల ఊపింది.

రోజూ ఇషా నమాజు తర్వాత ఫోను చేస్తాను. ఆమె ఎత్తదు. మోగి మోగి ఆగిపోతుంది. మళ్ళీ చేస్తాను. ఎత్తదు. మూడోసారికి ఎత్తి, "హా, బోల్" అంటుంది.